బసీలియా కట్టిన ముడి

ఆరో బతేయ్, బరహోనా చెరకు తోటలు
2 డిసెంబర్ 1968

నికనోర్ క్వెవాస్‌కి,

నా పేరు బసీలియా క్వెవాస్. వయసు డెబ్బై ఒకటి అని పాదిరీ గారి పుస్తకంలో ఉంది, నా మోకాళ్ళు ఇంకా ఎక్కువే అంటున్నాయి. ఉండేది చెరకు కూలీల పేట ఆరో బతేయ్‌లో, చెరకు కాటాకి ఎదురుగా కూలీల ఇళ్ళ వరసలో నాలుగోది. ఇంట్లో నేను, చెవులు వినబడని నా ఆడపడుచు తొరీబియా, మా అమ్మాయి పురిట్లోనే పోతే నేను పెంచుకున్న దాని కొడుకు హసింతో. వాడికి ఇరవై రెండు.

ఈ ముసల్ది ఇదంతా నాకెందుకు చెబుతోంది అనుకుంటావు. నువ్వు నా తోడబుట్టిన తమ్ముడివి, నా చంకలో పెరిగినవాడివి. కానీ ఈ ఇంట్లో ఎవరెవరున్నారో నీకు గుర్తున్నట్టు లేదు. అందుకే జడ్జి ముందు చెప్పినట్టు మొదట్నుంచీ చెబుతున్నాను. రాస్తున్నది కాటా దగ్గర చీటీలు రాసే డోన్ ఫెర్మిన్. ఆయన "గౌరవనీయులైన మేనేజర్ గారికి" అని మొదలుపెట్టాడు. కొట్టెయ్యమన్నాను.

నా ఫిర్యాదు ఇది. నువ్వు మచేతేల బేస్‌బాల్ జట్టుకి మేనేజర్‌వి. చెరకు నరికే కత్తి బొమ్మ చొక్కా మీద కుట్టించుకుని ఊరూరా తిరుగుతారు, మీలో సగంమంది ఆ కత్తి పట్టుకుని పదేళ్ళయింది. నా మనవడు నీ జట్టులో బంతి విసిరే పిచర్. పన్నెండు రోజుల్లో వాడి చేత నాలుగు ఆటలు వేయించావు. నిన్న ఆదివారం ఇంటికొచ్చాడు. పొయ్యి మీంచి దించిన కాఫీ రేకు గ్లాసులో పోసిచ్చాను. గ్లాసు అడుగు చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ ఆనుకుని ఉంది. ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం. వాడు వేళ్ళు తియ్యలేదు. నేనే గ్లాసు లాక్కున్నాను. ఆ రెండు వేళ్ళూ ఎర్రగా పొంగిపోయాయి, వాడికి తెలియనే లేదు.

మోచేతి లోపలి పక్క ఎముక కింద బొటనవేలు పెట్టి నొక్కాను. బిగించిన తాడులా ఉండాల్సింది నానిన తాడులా జారింది. "ఏం లేదు అమ్మమ్మా, అలసట" అన్నాడు. అలసట ఎలా ఉంటుందో నాకు వాడు చెప్పాలా? యాభై ఏళ్ళుగా ఈ తోటల్లో బెణికిన ప్రతి చెయ్యీ పట్టి తోమినది నేను.

మూడు వారాలు వాడి చేతికి బంతి ఇవ్వకు. అడుక్కోవడం లేదు, చెబుతున్నాను.

× బసీలియా గుర్తు


సాంతియాగో
10 డిసెంబర్

అక్కకి,

నీ ఉత్తరం తెరిచేసరికి గదంతా కర్పూరం వాసన. మా క్యాచర్ పోలో ఒక్కసారి లేచి నిలబడి "డోన్యా బసీలియా వచ్చిందా?" అని తలుపు వైపు చూశాడు. ఆరడుగుల మనిషి. వాడి భుజం నువ్వు సరిచేసి ఏడేళ్ళయినా భయం పోలేదు.

డిసెంబర్‌లో నొప్పి లేని పిచర్ ఉంటే చూపించు, వాడికి నా టోపీ ఇచ్చేస్తాను. డాక్టరు హసింతోని చూశాడు, కంగారు పడాల్సింది లేదన్నాడు. కుర్రాడు బాగా తింటున్నాడు, నవ్వుతున్నాడు. నిన్న తొమ్మిది ఇన్నింగ్స్‌లూ వాడే వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. పట్టికలో మనమే పైన ఉన్నాం. ఇరవై ఆరేళ్ళలో బరహోనా డిసెంబర్ నెలలో పైన ఉండటం ఇదే మొదటిసారి. నువ్వు సంతోషిస్తావనుకున్నాను.

వంట మనిషి పచ్చరటికాయలు ఉడికించి మెదపడం కూడా రానివాడు. క్రిస్మస్‌కి వస్తే నీ చేత్తో చేసింది తింటాను.

నీ తమ్ముడు
నికనోర్


ఆరో బతేయ్
17 డిసెంబర్

నికనోర్‌కి,

తొమ్మిదీ వాడే వేశాడని నువ్వు రాయక ముందే నాకు తెలుసు. లాలో కొట్లో రేడియో పెట్టె ముందు కూర్చునే విన్నాను. ఆ మాటలవాడు ఏమన్నాడో చెప్పనా? "హసింతో మాతోస్ ప్రతి బంతి తరవాతా చెయ్యి విదిలిస్తున్నాడు, కోడిపుంజు రెక్క విదిలించినట్టు, ఎంత ఉషారో చూడండి" అన్నాడు. కొట్లో అందరూ నవ్వారు. నేను లేచి బయటికి వచ్చేశాను. అది ఉషారు కాదు. మొద్దుబారిన వేళ్ళకి నెత్తురు రావాలని విదిలించడం.

డాక్టరు చూశాడంటావు. కళ్ళతో చూశాడా, బొటనవేలుతో చూశాడా?

ఇంకో మాట. రొట్టెల వ్యాను తోలే చీచో మీ స్టేడియంకి కూడా వేస్తాడు కదా. హసింతో మోచేతి లోపల మూడు సూది పోట్లు చూశానన్నాడు. ఏం సూది అది? డోన్ ఫెర్మిన్ ఇక్కడ కలం ఆపి "ఇలా నిలదీస్తే మనసు కష్టపెట్టుకుంటాడేమో" అంటున్నాడు. కష్టపెట్టుకోనీ అన్నాను. చిన్నప్పుడు నువ్వు మిల్లు ఎద్దు బండి కింద కాలు పెట్టినప్పుడు నిన్ను భుజాన వేసుకుని తొమ్మిది కిలోమీటర్లు నడిచాను. ఆ రోజు నువ్వు అబద్ధమాడలేదు, "నేనే పెట్టానక్కా కాలు" అన్నావు. అప్పుడు నీకు ఆరేళ్ళు. యాభై ఎనిమిదికి వచ్చేసరికి ఏమైంది?

క్రిస్మస్‌కి రానక్కర్లేదు. సూది సంగతి రాయి.

× బసీలియా గుర్తు


బరహోనా
3 జనవరి 1969

అక్కా,

నిజం రాస్తున్నాను. సూది నిజమే. డాక్టరు మోచేతి కీలులోకి మందు ఎక్కిస్తాడు, రెండు మూడు రోజులు నొప్పి తెలియదు. ఇప్పటికి అయిదయ్యాయి. హసింతోయే అడిగాడు. "అమ్మమ్మకి చెప్పొద్దు తాతయ్యా" అని కూడా వాడే అన్నాడు.

పదో తేదీ నుంచి రాజధాని జట్టుతో ఫైనల్. ఏడు ఆటల్లో ముందు నాలుగు గెలిచినవాళ్ళది కప్పు. యజమాని నన్ను పిలిచి తలుపు వేసి చెప్పాడు: ఈ ఏడు కప్పు రాకపోతే జట్టుని ఇంకో ఊరికి తరలిస్తాడట. వచ్చే అక్టోబర్‌కి బరహోనాలో స్టేడియం ఉంటుంది, ఆట ఉండదు. ఈ సంగతి పిల్లలకి చెప్పలేదు. హసింతోకి ఎలాగో తెలిసింది. అందుకే సూది అడిగాడు.

నన్ను ఎంతైనా తిట్టు. కానీ ఒక్కటి అడుగుతాను, నువ్వు కూడా నిజమే చెప్పు. వాడు మొదట నొప్పి అని వచ్చింది డాక్టరు దగ్గరికి కాదు. అక్టోబర్ నెలాఖర్లో నీ దగ్గరికి వచ్చాడు. నువ్వు తోమి, బాతు కొవ్వూ కర్పూరం పట్టించి, "పో, వెయ్యి" అన్నావట. అప్పుడు నీ బొటనవేలికి ఏం తగిలింది అక్కా? నీ మొదటి ఉత్తరంలో ఆ సంగతి లేదు.

నికనోర్


ఆరో బతేయ్
8 జనవరి

నికనోర్‌కి,

తగిలింది.

అక్టోబర్‌లోనే తగిలింది. తాడు ఇంకా జారలేదు, కానీ ఒక పోగు లేచింది. నాకు తెలిసింది, చెప్పలేదు. ఎందుకో విను.

నా పని ఎలాంటిదో నీకు తెలుసు. కోత రోజుల్లో చెయ్యి బెణికినవాడు పొద్దు గూకే వేళకి నా గుమ్మంలోకి వస్తాడు. వాడి వెనకాలే మేస్త్రీ వచ్చి నిలబడతాడు. "రేపు పనికొస్తాడా?" ఇదొక్కటే అడుగుతాడు. రేపటికి కత్తి పట్టేలా తోమి పంపడమే నాకు వచ్చిన విద్య. యాభై ఏళ్ళలో "ఆగు" అని ఎవరికీ చెప్పింది లేదు. హసింతో వచ్చినప్పుడు వెనకాల మేస్త్రీ లేడు, అయినా నా చేతులు అదే పని చేశాయి. అది నా తప్పు. ఫెర్మిన్, ఇది కూడా రాయండి, వదిలెయ్యొద్దు.

కానీ నా దగ్గర ఇంకోటి ఉంది. దాన్ని ఎప్పుడూ వాడలేదు, మా అత్త వాడగా చూశాను. చెయ్యి ఇక పనికి రాదనుకుంటే సోబదోరా, అంటే నాలా తోమే మనిషి, దాని మీద ఎర్ర గుడ్డ కట్టి ముడి వేస్తుంది. ఆ ముడి కట్టిన మనిషికి ఏ మేస్త్రీ కత్తి ఇవ్వడు. కట్టిన చెయ్యే విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోరు. నీ జట్టులో సగంమంది ఈ తోటల్లో పుట్టినవాళ్ళే. వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

వస్తున్నాను. గేటు దగ్గరవాడికి చెప్పి ఉంచు. నన్ను ఆపితే వాడి చెయ్యి కూడా చూస్తాను.

× బసీలియా గుర్తు


రాజధాని
22 జనవరి

అక్కా,

నిన్న అల్తగ్రాసియా తల్లి పండగ. జట్టంతా గుడికి వెళ్ళింది. ఒక్కొక్కడూ హసింతో పక్కన మోకరిల్లకుండా దూరంగా జరిగాడు. వాడి చేతికి ఆ ఎర్ర గుడ్డ ఉంది కదా.

నువ్వు పదిహేడున వచ్చావు. అప్పటికి మూడు ఆటలు మావి, ఒకటి వాళ్ళది. ఇంకొక్కటి గెలిస్తే అయిపోయేది. నువ్వు అందరి ముందూ నడిచొచ్చి, వాడిని బెంచీ మీద కూర్చోబెట్టి, మోచేతికి గుడ్డ చుట్టి మూడు ముళ్ళు వేశావు.  వెళ్ళేటప్పుడు నా వైపు కూడా చూడలేదు.

ఆ రోజు ఓడిపోయాం. నువ్వు వెళ్ళాక డాక్టరు కత్తెర తీశాడు. ఆయన రాజధాని మనిషి, ఆయనకేం తెలుసు? పోలో ఆయన చేతిలోంచి కత్తెర తీసుకుని జేబులో పెట్టుకుని "వద్దు డాక్టరుగారూ" అన్నాడు, అంతే. హసింతో ఎడమ చేత్తో గుడ్డ సవరించుకున్నాడు. నిన్నటి ఆట కూడా ఓడిపోయాం. మూడు, మూడు. ఏడో ఆట ఆదివారం మధ్యాహ్నం, మన బరహోనాలో.

ఊళ్ళో ఇప్పుడు జట్టు పోతుందన్న మాట అందరికీ తెలిసిపోయింది. మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్ళు నన్ను చూసి తల తిప్పుకుంటున్నారట. నీ గురించి ఏమంటున్నారో రాయను.

నేను ఆ గుడ్డ కొయ్యను. నాకూ చేతులు రావు. కానీ ఆదివారం నువ్వు రావాలి. వచ్చి విప్పు, లేదా నా ఎదురుగా నిలబడి విప్పనని చెప్పు. ఈ బరువు నా ఒక్కడి మీద పెట్టి ఇంట్లో కూర్చోకు.

నికనోర్


ఆరో బతేయ్
24 జనవరి

నికనోర్‌కి,

వస్తాను. విప్పనని చెప్పడానికే వస్తాను. మీ బెంచీ వెనకాల కటకటాల దగ్గర చోటు ఉంచు. తొరీబియా కూడా వస్తుంది, దానికి అరుపులు వినబడవు కాబట్టి ఆట అదొక్కతే సరిగ్గా చూస్తుంది.

× బసీలియా గుర్తు


రాజధాని, ఆస్పత్రి
3 ఫిబ్రవరి

అక్కా,

నువ్వు హసింతోని ఇక్కడికి పంపాక ఉత్తరం రాయలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

నిన్న ఎముకల డాక్టరు ఫోటోలు చూపించాడు. మోచేతి లోపలి తాడు ఎముక నుంచి పూర్తిగా ఊడిపోయింది, నరం నలిగింది. చెయ్యి పూర్తిగా చాచలేడు. బంతి విసరడం అన్న మాట ఇక లేదు. ఆయన చెబుతుంటే హసింతో కిటికీలోంచి కింద ఆపిన బస్సుల్ని చూస్తూ కూర్చున్నాడు. చివర్లో "మేం గెలిచామా లేదా, అది చెప్పండి" అన్నాడు. డాక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పత్రికవాళ్ళు వచ్చారు. ముడి ఎవరు విప్పారని అడిగారు. ఆ గుంపులో అటు చూసినవాళ్ళు తక్కువ, చూసినవాళ్ళలో తలో మాట. నేను కోశానని చెప్పాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మేనేజర్ కత్తెర తీసి కోశాడు, తప్పంతా అతనిదే. రేపు అచ్చవుతుంది.

నన్ను అననీ. కప్పు ఇచ్చినవాణ్ణి ఊరు ఎక్కువ కాలం తిట్టదు. నువ్వు ఆ తోటల్లో ఉండాలి, రేపు ఎవడో చెయ్యి పట్టుకుని నీ గుమ్మంలోకి రావాలి. వాళ్ళ సోబదోరా తన ముడి తానే విప్పిందని తెలిస్తే ఆ ముడికి ఇక విలువ ఉండదు. ఎవరైనా వచ్చి అడిగితే అవునని తల ఊపు, అంతకంటే ఏమీ వద్దు. హసింతోని గురువారం తీసుకొస్తున్నాను.

నికనోర్


ఆరో బతేయ్
16 ఫిబ్రవరి 1969

నికనోర్ క్వెవాస్‌కి, ఇదే కాగితం ఇంకో నకలు పత్రికకి, ఇంకోటి లాలో కొట్టు గోడ మీద అంటించడానికి.

నా పేరు బసీలియా క్వెవాస్, వయసు డెబ్బై ఒకటి, ఆరో బతేయ్‌లో సోబదోరాని. ఇంట్లో ఇప్పుడు ముగ్గురం ఉన్నాం, నేను, తొరీబియా, హసింతో. మొదటి కాగితంలో నా తమ్ముడి మీద ఫిర్యాదు చెప్పాను. ఇది నా మీద నేను చెబుతున్నది.

పత్రికలో వచ్చింది అబద్ధం. ఫెర్మిన్ నాకు రెండుసార్లు చదివి వినిపించాడు.  నా తమ్ముడు ఆ గుడ్డ ముట్టుకోలేదు. జరిగింది ఇది.

తొమ్మిదో ఇన్నింగ్స్. మనవి మూడు పరుగులు, వాళ్ళవి రెండు. చేపే అనే ముసలి పిచర్ బంతులు వేస్తున్నాడు, చెమటకి వాడి టోపీ కూడా తడిసిపోయింది. ఒకడు ఔటయ్యాడు, ఇంకా ఇద్దరు ఔట్ కావాలి, మూడు బేసుల మీదా వాళ్ళ మనుషులే. ఇంకో మంచి దెబ్బ పడితే అయిపోయినట్టే. నికనోర్ బెంచీ చివర హసింతోకి వీపు పెట్టి కూర్చున్నాడు. కావాలనే అటు తిరిగి కూర్చున్నాడని నాకు అర్థమైంది.

హసింతో లేచి నా దగ్గరికి వచ్చాడు. కటకటాల సందులోంచి చెయ్యి బయటికి పెట్టాడు.

"అమ్మమ్మా, విప్పు."

"విప్పను. పోయి కూర్చో."

"చేపే వల్ల కాదు. చూస్తున్నావుగా."

"నేను ఆట చూడ్డానికి రాలేదు."

"అబద్ధం. మొదటి ఇన్నింగ్స్ నుంచీ చూస్తూనే ఉన్నావు" అన్నాడు.

అంతే అన్నాడు. బతిమాలలేదు. చెయ్యి అలాగే పెట్టి నిలబడ్డాడు. పోలో చూశాడు, చీచో చూశాడు, తొరీబియా నా పక్కనే ఉంది. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. పక్కనున్న చేపలమ్మే మనిషి "పాపం ముసలామెని వదిలెయ్యరా" అని కూడా అంది.

నేను విప్పాను.

వాడి కోసం విప్పానని చెప్పుకోవచ్చు. ఊరి కోసం, జట్టు పోతుందని, తమ్ముడి కోసం. ఇవన్నీ నాకు ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు ఇవేవీ లేవు. ఇరవై ఆరేళ్ళు లాలో కొట్లో ఆ పెట్టె ముందు కూర్చుని ప్రతి ఏడూ ఓటమి విని ఇంటికి నడిచొచ్చినదాన్ని నేను. గెలవడం చూడాలనిపించింది. నాకే అనిపించింది. మూడు ముళ్ళూ నా వేళ్ళతోనే విప్పాను.

వాడు వెళ్ళి వేడెక్కడానికి నాలుగు బంతులు మెల్లగా వేశాడు. తరవాత ఏడు అసలు బంతులు. నాలుగింటికి మొదటివాడు గాలిలో బ్యాట్ ఊపి ఔటయ్యాడు. రెండోవాడికి మూడు చాలాయి. ఏడో బంతి వాడి చేతిలోంచి వెళ్ళినప్పుడు నాకో చప్పుడు వినిపించింది, పచ్చి చెరకు గడ మోకాలి మీద పెట్టి విరిచినట్టు. అందరూ బంతి వైపు చూశారు. తొరీబియా నా చెయ్యి పట్టుకుంది. దానికి చప్పుడు వినబడదు, వాడి ముఖం కనబడింది. తరవాత అరుపులు, మనుషులు గ్రౌండ్ మీదికి దూకడం, ఇంకేం తెలియలేదు.

నికనోర్, నువ్వు మంచి మనసుతో అబద్ధమాడావు. దాని మీద నాకు కోపం ఉంది. నువ్వు కోశావని అందరూ అనుకుంటే, రేపు ఏ మేస్త్రీ అయినా కత్తెర తీసుకుని కొయ్యొచ్చు. నేను విప్పానని తెలిస్తే జనం నన్ను నమ్మడం మానేస్తారు, అంతేగా? మానెయ్యనీ. నమ్మితే తెలిసే నమ్మాలి. ఈ కోతల్లో ఇప్పటికి ఇద్దరే వచ్చారు నా గుమ్మంలోకి. ఒకడికి గుడ్డ కట్టాను. ఆ రోజు చూసినవాళ్ళ నోట విన్నాడేమో, మేస్త్రీ "మళ్ళీ నువ్వే విప్పుతావు కదా" అని ఎకసెక్కమాడాడు. లాలో కొట్టు గోడ మీద కాగితం అంటిస్తాను, చదువుకుని రా అన్నాను.

హసింతో ఇంటికొచ్చి పది రోజులైంది. నిన్న ఇదంతా చెబుతుంటే పక్కనే నేల మీద కూర్చుని చిక్కుడు గింజలు ఎడమ చేత్తో ఏరుతున్నాడు. గింజల చేట పక్కకి పెట్టాడు. తరవాత అన్నాడు, "తాతయ్య తానే కోశానంటాడు. నువ్వు నువ్వే విప్పానంటావు. ఆ చెయ్యి నాది అమ్మమ్మా. చాచింది నేను. మీ ఇద్దరూ కలిసి అది కూడా తీసుకుంటారా?"

 వాడు అన్నది అన్నట్టు రాయమని ఫెర్మిన్‌కి చెప్పాను. వాడి మాట వాడిది, నాది నాది. రెండూ ఈ కాగితం మీద ఉండాలి.

పైన చెప్పినదంతా నేను చెప్పగా రాసి, రెండుసార్లు చదివి వినిపించారు. నిజమని ఒప్పుకుని గుర్తు వేశాను.

× బసీలియా క్వెవాస్

రాసినది: ఫెర్మిన్ సాంతానా, కాటా గుమస్తా
సాక్షులు:
పోలో ఎన్‌కార్నసియోన్, మచేతేల క్యాచర్
తొరీబియా మోంతేరో, × తన గుర్తు
హసింతో మాతోస్, ఎడమ చేతి సంతకం